ఇంటి పిల్లికి జబ్బు చేస్తే...
కాపాడవలసిన వ్యవస్థే మూత్రపిండాలను కాటేసే వేళ

నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం నల్లమల అడవిని ఆనుకుని ఉంది. ఇక్కడి ఇళ్ళలో వేరుశనగ కాయలు, జొన్నలు, వడ్లు నిలవ ఉంటాయి. గింజలున్న చోట ఎలుకలు తప్పవు, ఎలుకలున్న చోట పిల్లి తప్పదు. ముస్లిం కుటుంబాల్లోనైతే దానికి మరికాస్త చనువు. దస్తర్‌ఖాన్ పరచగానే వచ్చి ఓ మూల కూర్చుంటుంది. నానీమా నమాజు ముగించి తస్‌బీహ్ తిప్పుతుంటే జానిమాజ్ అంచున ముడుచుకుని పడుకుంటుంది. పిల్లలు దానికి పేరు పెడతారు. పెద్దలు పైకి విసుక్కుంటూనే దాని వాటా మాంసం ముక్కను పక్కన తీసిపెడతారు.

అలాంటి పిల్లి ఒకనాడు తిండి మానేస్తుంది. ఒళ్ళు వెచ్చగా ఉంటుంది, రెండు రోజులకు తగ్గినట్టే తగ్గి మళ్ళీ కాగిపోతుంది. వెన్నెముక బయటపడేలా చిక్కిపోతుంది. కొన్ని పిల్లులకు ఒళ్ళంతా ఎండిపోయి పొట్ట మాత్రం ఉబ్బుతుంది. ఇంట్లో తలా ఒక మాట అంటారు. ఎండదెబ్బ అని ఒకరు, మందు తిన్న ఎలుకను తిన్నదని మరొకరు, కడుపుతో ఉందని ఇంకొకరు. చివరికి “పిల్లలకు అంటుకుంటుందేమో, దూరంగా వదిలేసి రండి” అనే మాట వస్తుంది. గోనెసంచిలో వేసి అడవి అంచున విడిచివస్తారు. కంట పడదు కాబట్టి బాధ తీరిందనుకుంటారు.

ఈ ఒక్క నిర్ణయంలో మూడు పొరపాట్లు ఉన్నాయి. ఆ జబ్బు మనుషులకు అంటదు. దానికి చికిత్స లేదనే కాలం గడిచిపోయింది. అడవి అంచున వదిలివేయడం ఆ ఒక్క ప్రాణితోనే ముగిసిపోయే విషయం కాదు. ఈ మూడింటినీ అర్థం చేసుకోవాలంటే ముందు ఆ జబ్బు ఏమిటో తెలియాలి.

*పిల్లుల కరోనా*

పశువైద్యులు దీనిని ఫిలైన్ ఇన్ఫెక్షియస్ పెరిటోనైటిస్ అంటారు, క్లుప్తంగా ఎఫ్.ఐ.పి. పెరిటోనైటిస్ అంటే కడుపు లోపలి పొర వాపు. దీనిని ప్రత్యేకమైన వ్యాధిగా మొదట వర్ణించినది అమెరికాలోని బోస్టన్ నగరంలో, ఏంజెల్ మెమోరియల్ జంతు వైద్యశాలలో పనిచేసిన జీన్ హోల్జ్‌వర్త్ అనే వైద్యురాలు. అది 1963వ సంవత్సరం. దీనికి కారణం కరోనా కుటుంబానికి చెందిన వైరస్ అని 1970 తర్వాత తేలింది.

కరోనా అనగానే మనకు 2020, 2021 నాటి కష్టాలు గుర్తుకొస్తాయి. అందుకే ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. పిల్లులకు తమదైన కరోనా వైరస్ ఒకటి ఉంది. అది పిల్లి నుంచి పిల్లికి మలం ద్వారా సోకుతుంది, మనిషికి సోకదు. కోవిడ్ వైరస్ వేరు. అది మనుషుల నుంచి పిల్లి జాతి జంతువులకు సోకగలదని మన హైదరాబాదులోనే రుజువైంది. 2021 మే నెలలో నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోని ఎనిమిది ఆసియా సింహాలకు కోవిడ్ సోకినట్టు సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తల పరీక్షల్లో తేలింది. వాటిని వేరుగా ఉంచి చికిత్స చేయగా కోలుకున్నాయి. దగ్గు, జలుబుతో బయటపడిన ఆ సింహాల జబ్బుకూ, మన ఇంటి పిల్లిని కుంగదీసే ఎఫ్.ఐ.పి.కీ వైరస్ కుటుంబం ఒకటే, నడక మాత్రం వేరు.

పిల్లుల కరోనా వైరస్ నిజానికి సాధువైనదే. అనేక పిల్లులు ఒకచోట ఉండే ఇళ్ళలో దాదాపు అన్నింటికీ ఏదో ఒక దశలో సోకుతుంది. పేగుల్లో ఉండి, మహా అయితే నాలుగు రోజులు విరేచనాలు కలిగించి ఊరుకుంటుంది. సోకిన వాటిలో నూటికి పదికి లోపు పిల్లులలో మాత్రం ఆ వైరస్ తన రూపం మార్చుకుంటుంది. పేగు గోడ దాటి రక్తంలోని ఒక రకం తెల్లకణాల్లోకి ప్రవేశించే శక్తి దానికి వస్తుంది. ఆ కణాలు శరీరానికి కాపలాదార్లు. క్రిములను మింగి చంపడమే వాటి పని. అలాంటి కాపలాదారు కడుపులోనే శత్రువు కాపురం పెడుతుంది. ఎక్కువగా రెండేళ్ళ లోపు వయసు పిల్లులలోనే ఇది జరుగుతుంది.

*రక్షణ ఎక్కడ గతి తప్పుతుంది?*

శరీర రక్షణకు రెండు విభాగాలు ఉన్నాయి. ఒకటి కణాల విభాగం. వైరస్ చొరబడిన కణాన్ని గుర్తించి, ఆ కణాన్నే నాశనం చేసి వైరస్ వ్యాప్తిని ఆపుతుంది. రెండవది యాంటీబాడీల విభాగం. రక్తంలో తిరిగే మాంసకృత్తులను తయారుచేసి, అవి వైరస్‌కు అతుక్కునేలా చేస్తుంది. కణాల విభాగం బలంగా పనిచేసిన పిల్లి, రూపం మార్చిన వైరస్‌ను కూడా అణచివేయగలదు. ఆ విభాగం బలహీనపడి, యాంటీబాడీలు మాత్రం వరదలా తయారైతే జబ్బు ముదురుతుంది.

యాంటీబాడీలు ఎక్కువైతే మంచిదే కదా అని మనకు అనిపించడం సహజం. చాలా జబ్బుల్లో అది నిజం. ఈ జబ్బులో మాత్రం శత్రువు దాగినది కణాల లోపల. రక్తంలో తిరిగే యాంటీబాడీ అక్కడికి చేరలేదు. పైగా యాంటీబాడీ అతుక్కున్న వైరస్‌ను కాపలా కణాలు మరింత సులభంగా మింగుతాయి. వైరస్‌కు కావలసినదీ అదే. దీనికి చేదు రుజువు 1990లో దొరికింది. నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక ప్రయోగాత్మక టీకా వేసిన పిల్లికూనలకు తర్వాత వైరస్ ఎక్కించి చూశారు. టీకా వేయని వాటికంటే వేసినవే ముందుగా చనిపోయాయి. ఈ జబ్బుకు నమ్మదగిన టీకా తయారుచేయడం ఎందుకంత కష్టమైందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఇక యాంటీబాడీలూ వైరస్ ముక్కలూ కలిసి చిన్న చిన్న ముద్దలుగా మారి రక్తంలో తిరుగుతాయి. వైరస్ చొరబడిన తెల్లకణాలు రెచ్చిపోయి, సన్నని సిరల గోడలకు అతుక్కుని, వాపు కలిగించే రసాయనాలను విడుదల చేస్తాయి. గోడలు దెబ్బతిని రక్తంలోని పసుపు ద్రవం బయటికి కారుతుంది. అది కడుపులోనో ఛాతీలోనో నిండితే దానిని తడి రూపం అంటారు. ద్రవం చేరకుండా అవయవాల్లో గట్టి గడ్డలు ఏర్పడితే అది పొడి రూపం. పిల్లిని చివరికి చంపేది వైరస్ ఒక్కటే కాదు. దానితో పోరాడబోయి హద్దు తప్పిన సొంత సైన్యం కూడా.

*మూత్రపిండాల మీదే ఎందుకు?*

ఈ వాపు శరీరంలోని ప్రతి నరానా ఒకేలా పుట్టదు. కొన్ని చోట్ల సిరలనే ఎంచుకుంటుంది. మెదడు పొరలు, కళ్ళు, మూత్రపిండాల పైభాగం వాటిలో ముఖ్యమైనవి.

మూత్రపిండం పనిని తెలుసుకుంటే నష్టం ఎంతటిదో బోధపడుతుంది. పిల్లి మూత్రపిండం ఒక్కొక్కదానిలో దాదాపు రెండు లక్షల వడపోత గొట్టాలు ఉంటాయి. మనిషికైతే ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షలు. గుండె పంపే రక్తంలో ఐదోవంతు ఈ రెండు చిన్న అవయవాల గుండానే ప్రవహిస్తుంది. ఇంత రక్తం ఒత్తిడితో జల్లెడ గుండా పోయే చోట, రక్తంలో తిరుగుతున్న యాంటీబాడీ ముద్దలు ఇరుక్కుపోవడం సులభం. ఇరుక్కున్న చోటల్లా వాపు మొదలవుతుంది. జల్లెడ కన్నాలు పెద్దవవుతాయి. ఒంట్లో ఉండవలసిన మాంసకృత్తులు మూత్రంలో కారిపోతాయి. పొడి రూపంలో మూత్రపిండం పైన తెల్లని గడ్డలు లేచి, అది ఉబ్బి గరుకుగా తయారవుతుంది. అనుభవమున్న వైద్యుడు పిల్లి పొట్టను చేత్తో తడిమి ఆ తేడాను గుర్తించగలడు.

మూత్రపిండం తన బాధను తొందరగా బయటపెట్టదు. గొట్టాల్లో మూడింట రెండువంతులు పోయాకగాని మూత్రం పల్చబడదు. నాలుగింట మూడువంతులు పోయాకగాని రక్తపరీక్షలో క్రియాటినిన్ హద్దు దాటదు. పిల్లి ఎక్కువ నీళ్ళు తాగుతోందని, మాటిమాటికీ మూత్రం పోస్తోందని మనం గమనించేసరికే సగానికి పైగా నష్టం జరిగి ఉంటుంది. పోయిన గొట్టాలు తిరిగి పుట్టవు. అందుకే ఈ జబ్బులో వారం రోజుల ఆలస్యం కూడా చిన్నది కాదు.

మూత్రపిండాలను ఇలా దెబ్బతీసే వైరస్ ఇదొక్కటే కాదు. పిల్లుల ల్యుకేమియా వైరస్, 1987లో శాస్త్రలోకానికి పరిచయమైన పిల్లుల ఎయిడ్స్ వైరస్ కూడా యాంటీబాడీ ముద్దల ద్వారానే జల్లెడను పాడుచేయగలవు. 2012లో హాంకాంగ్ పరిశోధకులు వీధి పిల్లులలో తట్టువ్యాధి కుటుంబానికి చెందిన ఒక కొత్త వైరస్‌ను కనుగొని, మూత్రపిండాల వాపుతో దానికి సంబంధం ఉండవచ్చని చెప్పారు. ఆ సంబంధం మీద చర్చ ఇంకా సాగుతోంది. ఈ వైరస్‌లేవీ మనిషికి సోకి ఇలాంటి జబ్బు కలిగించినట్టు రుజువు లేదు.

*ఏం గమనించాలి, ఎక్కడికి వెళ్ళాలి?*

ఈ కింది వాటిలో రెండు మూడు కలిసి కనిపిస్తే ఆలస్యం చేయవద్దు.

• యాంటీబయాటిక్ సూదులకు లొంగకుండా వస్తూ పోతూ ఉండే జ్వరం
• తిన్నా తినకపోయినా బరువు తగ్గడం
• నొప్పి లేకుండా పొట్ట ఉబ్బడం, ఆయాసం
• చిగుళ్ళు, చెవి లోపలి చర్మం పచ్చబడటం
• కంటి రంగు మారడం, కంట్లో మసక
• నడకలో తూలుడు
• నీళ్ళు ఎక్కువగా తాగడం, మూత్రం ఎక్కువగా పోవడం

ముందు దగ్గరలోని ప్రభుత్వ పశువైద్యుని సంప్రదించాలి. తెలంగాణలో 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య సేవల వారితో మాట్లాడవచ్చు. అవి ప్రధానంగా గేదెలు, గొర్రెలు, మేకల కోసం ఏర్పడినవే అయినా, ఎక్కడికి వెళ్ళాలో సలహా అడగడానికి ఉపయోగపడతాయి. పెద్ద పరీక్షలు అవసరమైతే హైదరాబాదు వెళ్ళవలసి వస్తుంది. రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం, నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉన్నాయి.

ఒకే పరీక్షతో ఈ జబ్బును తేల్చడం కష్టం. కరోనా యాంటీబాడీలు ఉన్నాయని వచ్చినంత మాత్రాన ఎఫ్.ఐ.పి. అని కాదు, ఆరోగ్యంగా ఉన్న పిల్లులలోనూ అవి ఉంటాయి. వైద్యులు రక్తంలోని అల్బుమిన్, గ్లోబులిన్ అనే రెండు మాంసకృత్తుల నిష్పత్తిని చూస్తారు. అది 0.4 కంటే తక్కువైతే అనుమానం బలపడుతుంది, 0.8 దాటితే ఈ జబ్బు కాకపోవచ్చు. పొట్టలో నీరు ఉంటే ఒక చవకైన పరీక్ష కూడా ఉంది. స్వేదనజలంలో ఒక చుక్క అసిటిక్ ఆమ్లం కలిపి, పొట్టలోంచి తీసిన ద్రవాన్ని దానిపై ఒక చుక్క వేస్తారు. చుక్క కరిగిపోతే ఎఫ్.ఐ.పి. కాకపోవడానికే అవకాశం ఎక్కువ. కరగకుండా జెల్లీలా నిలిస్తే అనుమానించి మిగిలిన పరీక్షలు చేయాలి. పెద్ద యంత్రాలు లేని ఆసుపత్రిలో కూడా చేయదగిన పరీక్ష ఇది.

*మందు దొరికిన కథ*

అరవై ఏళ్ళ పాటు ఎఫ్.ఐ.పి. అంటే మరణమే. ఆ మాటను మార్చినవారిలో ముఖ్యుడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో పనిచేసిన నీల్స్ పెడర్సన్. జీఎస్-441524 అనే మందును ఈ జబ్బు సహజంగా వచ్చిన 31 పిల్లులకు ఇచ్చి, ఫలితాలను ఆయన బృందం 2019లో ప్రకటించింది. ఐదు పిల్లులు మొదట్లోనే పోయాయి, ఒకటి ఆ తర్వాత పోయింది. మిగిలిన 25 బతికి బట్టకట్టాయి. వాటిలో కొన్నింటికి జబ్బు తిరగబెట్టినా మళ్ళీ మందు ఇస్తే కోలుకున్నాయి.

ఈ మందుకు మన హైదరాబాదుతో దగ్గరి చుట్టరికం ఉంది. 2020 జూన్‌లో కోవిడ్ రోగుల కోసం హైదరాబాదుకు చెందిన హెటిరో సంస్థ విడుదల చేసిన రెమ్‌డెసివిర్ సీసాలు గుర్తుండే ఉంటాయి. వాటి కోసం ఆసుపత్రుల ముందు బారులు తీరిన రోజులను ఎవరూ మరువలేరు. ఆ రెమ్‌డెసివిర్ శరీరంలోకి వెళ్ళాక మారే రూపాల్లో జీఎస్-441524 ఒకటి. రెండూ ఒకే మందు వంశానికి చెందినవి. వైరస్ తన నకలు తయారుచేసుకునే పనిని ఇవి మధ్యలో ఆపేస్తాయి. వైరస్ ఆగితే రెచ్చిపోయిన సైన్యం కూడా చల్లబడుతుంది, మూత్రపిండాల మీద దాడి నిలిచిపోతుంది.

2023లో సైప్రస్ ద్వీపంలో ఈ జబ్బు ఎన్నడూ లేనంతగా ప్రబలింది. కుక్కల కరోనా వైరస్ ముక్కను కలుపుకున్న కొత్త రకం అక్కడ పుట్టిందని శాస్త్రవేత్తలు కనుగొన్నారు. ఆ ఏడాది ఆగస్టులో అక్కడి ప్రభుత్వం మనుషుల కోసం నిలవ ఉంచిన కోవిడ్ మాత్రలను పిల్లుల చికిత్సకు విడుదల చేసింది. మామూలుగా ఈ చికిత్స 84 రోజులు సాగుతుంది. పొట్టలో నీరు చేరిన పిల్లులకు 42 రోజులు కూడా సరిపోవచ్చని 2024లో జర్మనీలో జరిగిన ఒక పరిశోధన తెలిపింది.

ఖర్చు తక్కువ కాదన్నది నిజం. అందరికీ సాధ్యం కాదన్నదీ నిజమే. అయినా వైద్యుని అడిగి, సాధ్యాసాధ్యాలు తెలుసుకుని నిర్ణయించుకోవడం వేరు, అడగకుండానే వదిలివేయడం వేరు. మందు ఇప్పించే స్తోమత లేకపోయినా బాధ తగ్గించే సేవ, నీరు, మెత్తని ఆహారం, ప్రశాంతమైన మూల మన చేతిలోనివే. పేరూ ముద్రా లేని సీసాలను ఫోనులో చూసి తెప్పించుకుని సొంతంగా సూదులు వేయడం మాత్రం ప్రమాదం. మోతాదు పిల్లి బరువును బట్టి, జబ్బు రూపాన్ని బట్టి మారుతుంది.

*చేయకూడని పనులు*

జ్వరం చూసి మన ఇంటి పారాసిటమాల్ బిళ్ళను పొడిచేసి పిల్లికి పట్టించేవారు ఉన్నారు. ప్రేమతోనే పట్టిస్తారు, కాని ఆ ఒక్క బిళ్ళ దాని ప్రాణం తీయగలదు. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు అసలే దెబ్బతిన్న మూత్రపిండాలను పూర్తిగా కూల్చేస్తాయి.

ఇక ఒక మూల గదిలో అనేక పిల్లులను కిక్కిరిసి ఉంచకూడదు. ఒకే ఇసుక పెట్టెను అన్నీ వాడితే వైరస్ చక్రంలా తిరుగుతూనే ఉంటుంది. పెట్టెను రోజూ శుభ్రం చేయాలి, తిండి గిన్నెకు దూరంగా పెట్టాలి. ఆరుబయట మట్టిలో మలాన్ని కప్పుకునే పల్లె పిల్లులకు ఈ ముప్పు తక్కువ. పట్టణాల్లో సరదాకు తలుపులు మూసి పెంచే పర్షియన్ పిల్లుల ఇళ్ళలో ఎక్కువ. ఈ జబ్బుతో ఒక పిల్లి పోయిన ఇంట్లో వెంటనే మరో కూనను తేకుండా రెండు నెలలు ఆగడం మంచిది. పొడి చోట ఈ వైరస్ దాదాపు ఏడు వారాలు నిలవగలదు.

అడవి అంచున వదిలివేయడం గురించి చివరగా చెప్పాలి. లింగాల పక్కనే ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 2,611 చదరపు కిలోమీటర్ల ఆ అడవిలో పులి, చిరుత మొదలుకొని అడవి పిల్లి దాకా పిల్లి కుటుంబం ఉంది. పిల్లుల కరోనా ఆ కుటుంబంలో ఎంత నష్టం చేయగలదో అమెరికా ఒకసారి చూసింది. 1982లో ఓరెగాన్ రాష్ట్రంలోని ఒక వన్యప్రాణి ఉద్యానంలో ఈ వైరస్ చీతాలకు సోకి, కొద్ది సంవత్సరాల్లోనే సగానికి పైగా చనిపోయాయి. చీతాలన్నీ దాదాపు ఒకే జన్యు పోలికతో ఉండటం వల్ల వాటి రక్షణ వ్యవస్థలన్నీ ఒకే చోట ఓడిపోయాయి. మనం సంచిలో తీసుకెళ్ళి వదిలే జబ్బు పిల్లి అడవికి ఏం మోసుకెళ్తుందో మనకు తెలియదు. తెలియనప్పుడు వదలకపోవడమే వివేకం.

*చుట్టూ తిరిగే ప్రాణి*

హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ కోసం నీళ్ళు తెప్పించుకున్నప్పుడు ఒక పిల్లి వచ్చిందట. అది తాగడానికి వీలుగా ఆయన పాత్రను వంచి పట్టుకున్నారు. కోడలు కబ్షా ఆశ్చర్యంగా చూస్తుంటే, పిల్లి అశుద్ధమైనది కాదని, మన ఇళ్ళలో మన చుట్టూ తిరిగే ప్రాణుల్లో ఒకటని మహాప్రవక్త (స) చెప్పిన మాటను ఆమెకు గుర్తుచేశారు. పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక, తానే వెతుక్కుని తిననివ్వక చంపిన స్త్రీకి పట్టిన గతిని తెలిపే హదీసు కూడా మనందరం విన్నదే. అల్లాహ్ ఏ జబ్బును దింపినా దానికి చికిత్సను కూడా దింపాడని తెలిపే హదీసును ఉల్లేఖించినది, పిల్లికూన పేరుతోనే ప్రసిద్ధికెక్కిన హజ్రత్ అబూ హురైరా (రజి).

ఆ చికిత్సను వెతకడానికి మనుషులకు అరవై ఏళ్ళు పట్టింది. మన వంతు అంత పెద్దది కాదు. తిండి మానేసిన రోజునే గమనించడం, బిళ్ళ పెట్టకుండా వైద్యుని దగ్గరికి తీసుకెళ్ళడం, నయం కాదని తేలినా ఇంట్లోనే ఒక మూల చోటివ్వడం, ఇంతే. గోనెసంచి తీసిన పెద్దలను ఇంట్లోని పిల్లలు చూస్తూ ఉంటారు. నీళ్ళ గిన్నెను దగ్గరికి జరిపిన పెద్దలనూ చూస్తూ ఉంటారు. బలహీనమైన ప్రాణి జబ్బుపడితే ఏం చేయాలో వారు మన దగ్గర నేర్చుకునేది ఆ రోజునే.